గోడ అవతలి ఊఁ

సప్తమి. పాటు వేళ.

తెల్లారేసరికి మంచు పట్టడానికి కట్టిన వలలు తడిసి బరువెక్కాయి. పిండితే రెండు కుండల నీళ్ళొచ్చాయి, తాగడానికొకటి, వంటకొకటి. స్నానం మాట ఎవరూ ఎత్తకూడదు. కనుచూపు మేరా నీళ్ళే, గుక్కెడు తాగడానికి పనికొస్తే ఒట్టు.

ఈ దినచర్య కమిషన్ వారి కోసం. రోజుకి మూడు లైన్లు చాలన్నారు. నాకు మూడు లైన్లలో ఒకణ్ణి సరిగ్గా తిట్టడమే చేతకాదు, ఇక రోజంతా ఎక్కడ ఇముడుతుంది? నా పద్ధతిలో నేను రాస్తాను. చదివితే చదువుతారు, లేకపోతే పడవ చిల్లుల్లో కుక్కుకుంటారు.

నా పేరు వరహాలు. నా పని తోడుండటం. నీళ్ళెక్కని ఎత్తు నేలవాళ్ళు, ఆ మెరక సైన్యం, మా లంకల మీద పడ్డ రెండేళ్ళలో అత్యాచారానికి గురైన ఆడవాళ్ళు కమిషన్ ముందుకొచ్చినప్పుడు పక్కన కూర్చుంటాను. వణుకు పుడితే విచారణ ఆపిస్తాను, అన్నం తినిపిస్తాను, వాళ్ళ తరఫున అరుస్తాను. చివరి పనిలో నన్ను మించినవాళ్ళు లేరని కమిషన్‌లో చెప్పుకుంటారట. ఇంకో మాట. 'పాడుచేశారు' అని నా ముందు ఎవరూ అనకూడదు. పాడవడానికి మనిషేం వంకాయ కాదు.

మా విడిది, ఒకప్పుడు రేవు దాటించిన పాత పంటు మీద కట్టిన రేకుల గదుల వరస. నీళ్ళ కింద ఒక ఊరుంది. ఆ ఊరి సెల్ టవరు కొస ఒక్కటే పైకి కనబడుతుంది, మా పంటుని దానికే కట్టారు. పాటుకి నీళ్ళు తగ్గినప్పుడు పంటు అడుగు దేనికో తగులుతుంది. ఏ మేడ పిట్టగోడో అయ్యుంటుంది. కింద ఎవరో తలుపు కొడుతున్నట్టే ఉంటుంది. కొత్తలో ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు "ఎవరూ లేరు, పొండి" అంటాను.

ఈ పౌర్ణమికి నూకరత్నం విచారణ. ముప్పై దాటని మనిషి, వలలు అల్లుతుంది, మాట తక్కువ. పొద్దున్న నేను బియ్యం కడుగుతుంటే, తూకం చూసే ధనుంజయ గారు వచ్చి గడప అవతలే నిలబడిపోయాడు. లోపలికి రాని మనిషి మంచి కబురు తేడు.

తూకం అంటే కమిషన్ వారి యంత్రం. యుద్ధంలో మెరక సైనికులందరి చెవుల్లోనూ పూసలుండేవి. విన్నదంతా దాచుకునేవి. ఇప్పుడు ఆ పూసలు తీసి తూకానికి వినిపిస్తే, ఏది ఎవరి గొంతో విడదీసి, ఒక్కో ముక్కకీ పేరు పెట్టి పైకి చెబుతుంది. బెదిరింపు. ఏడుపు. నిశ్శబ్దం. గొంతు మాత్రం పేరంటానికి పిలుస్తున్నంత తియ్యగా ఉంటుంది.

"నూకరత్నం గారి కేసులో తూకం 'సమ్మతి' అని తేల్చిందండీ," అన్నాడు ధనుంజయ గారు.

నా చేతిలో గిన్నె నీళ్ళపాలైంది. "ఏంటీ?"

"కెప్టెన్ శశిభూషణ్ గారి పూసలో ఆవిడ ఊఁ అన్నట్టు ఉందండీ. ఒక్కసారి కాదు, చాలాసార్లు. సంధి ఒప్పందం ప్రకారం సమ్మతి నమోదైతే కేసు కొట్టేస్తారు. పౌర్ణమి నాడు జరిగేది అదే."

కేసు కొట్టేస్తే ఆ కెప్టెన్ కడిగిన ముత్యం. కొత్త ఉద్యోగం అప్పుడే సిద్ధంగా ఉంది, రెల్లులంకకి రేవు అధికారి. నూకరత్నం ఊరు అదే. ఆ లంకలో పడవ ఎక్కాలన్నా దిగాలన్నా ప్రతి ఆడమనిషీ అతని బల్ల మీద వేలు ఆనించి, మొహం చూపించి వెళ్ళాలి. రోజూ వెళ్ళాలి.

అష్టమి. నీళ్ళు కదలడం లేదు.

పూస విన్నాను. అందులో ఏముందో ఇక్కడ రాయను. అది నూకరత్నం చెప్పుకోవాల్సింది, చెప్పాలనుకుంటే. నాకు కావలసింది ఆ ఊఁ ఒక్కటే.

ఉంది. ధనుంజయ గారు అబద్ధం చెప్పలేదు. ఆమె వద్దంటుంది, ఆ వెంటనే ఊఁ. అమ్మని పిలుస్తుంది, ఆ వెంటనే ఊఁ. మెల్లగా, దీర్ఘంగా, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు. మధ్యలో అతను నోరు ముయ్యమని అరవడం, రేకు మోగడం కూడా ఉన్నాయి, ఏడ్చే ఆమె మీదే కాబోలు. ప్రతి ఊఁకీ తూకం "స్త్రీ, సమ్మతి" అంటుంది తియ్యగా. ఏడ్చే గొంతు అదే క్షణంలో అంత నిదానంగా ఊఁ అనగలదా? ఒకటి రెండు చోట్ల ఏడుపూ ఊఁ ఒకదాని మీద ఒకటి పడ్డాయి కూడా. అడిగితే "గోడ రేకుది, ప్రతిధ్వనండీ" అన్నాడు ధనుంజయ గారు.

"ఇది ఒకే మనిషి గొంతంటారా ధనుంజయ గారూ?"

"గదిలో ఎంతమంది ఉన్నారో ముందు తూకానికి మనమే చెప్పాలండీ. కెప్టెన్ గారు ఇద్దరమే అన్నారు. పక్క గదిలో కూడా ఎవరూ లేరన్నారు. ఇద్దరంటే అది చప్పుళ్ళన్నీ ఇద్దరికే పంచుతుంది."

"బాగుంది. దొంగ చేతికి తాళాలిచ్చారన్నమాట."

ఆయన పూసని డబ్బీలో పెట్టేయబోతే చేయి అడ్డం పెట్టాను.

"అసలు ఊఁ అంటే ఒప్పుకున్నట్టని ఎవరు చెప్పారు దానికి?"

"మా మెరక వైపు అంతేనండీ. ఏదైనా అడిగినప్పుడు ఊఁ అంటే సరే అన్నట్టే."

"మా లంకల్లో ఒప్పుకుంటే ఆయ్ అంటాం. ఊఁ అనేది ఒప్పుకోడానికి కాదు, వింటున్నామని చెప్పడానికి. కథ చెప్పేవాళ్ళకి ఊఁ కొడతాం. మీ ఇంట్లో మీకు ఎవరూ కథలు చెప్పలేదా?"

"చెప్పారండీ," అన్నాడు పాపం, తల దించుకుని. "నేనూ ఊఁ కొట్టాను. ఆ సంగతి దానికి నేర్పాలని ఎవరికీ తట్టలేదు."

మనిషి చెడ్డవాడు కాదు. అదే నాకు ఎక్కువ మండింది. చెడ్డవాడైతే తిట్టి తృప్తిపడేదాన్ని.

అక్కణ్ణించి తిన్నగా కమిషన్ అధ్యక్షురాలు విద్యుల్లత గారి దగ్గరికి వెళ్ళాను. మెరక మనిషే గానీ పెద్దమనిషి.

"తుపాకీ పట్టుకున్నవాడి ముందు ఊఁ అన్నా, ఆయ్ అన్నా, లక్షసార్లు సరే అన్నా అది సమ్మతి ఎలా అవుతుందమ్మా?"

"కాదు వరహాలు గారూ. నాకూ తెలుసు. ఆ షరతు ఒప్పుకున్నాకే మావాళ్ళు తుపాకులు దించారు. నా చేతులు కట్టేశారు. ఆ ఊఁ ఆవిడది కాదని తేలిస్తే మిగతాది నేను చూసుకుంటాను."

"మాట్లాడకపోతే మౌనం అర్ధాంగీకారం. ఊఁ అంటే పూర్తి అంగీకారం. ఇంతకీ ఆడది ఏం చేస్తే కాదన్నట్టో ఆ ముక్క ముందు తేల్చండమ్మా," అని వచ్చేశాను. తలుపు కాస్త గట్టిగానే పడింది. గాలి అనుకున్నారని ఆశ.

దశమి. పోటు మొదలు.

నూకరత్నాన్ని అడగక తప్పలేదు. గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. పక్కనే చతికిలబడ్డాను.

"రత్నం, ఆ పూసలో ఒక ఊఁ ఉందమ్మా. నీదేనంటున్నారు."

నూలు కండె చేతిలో ఆగింది. తలెత్తింది. భయపడుతుందనుకున్నాను. ఆ మొహంలో భయం లేదు. ఎన్నాళ్ళకో అయినవాళ్ళ కబురు తెలిసినట్టుంది.

"అందులో పడిందా అక్కా? ఇనబడతందా?"

"వినబడుతోంది. నీదా?"

"నాది కాదు."

"మరెవరిది?"

మళ్ళీ వల మీదికి వంగిపోయింది. ఆ తర్వాత నేను ఎంత బతిమాలినా బెల్లం కొట్టిన రాయే.

నా గదికొచ్చి కుంపటి రాజేశాను. కొబ్బరి డొక్క తడిసి పొగ తప్ప మంట రాదు. ఒళ్ళు మండి పైకే తిట్టుకున్నాను. "వీళ్ళ సంధి మండిపోనూ! ఆ పిల్ల నోరు విప్పదు. విప్పకపోతే ఆ దరిద్రుడు రేవులో కూర్చుంటాడు. నేనేం చేసి చావను?"

"ఊఁ," అంది గోడ.

చేతిలో విసనకర్ర ఆగిపోయింది. పట్టపగలు. చుట్టూ మంచు ఇంకా విడలేదు. పూసలో విన్న ఊఁ లాంటిదే, మెల్లగా, దీర్ఘంగా.

"ఎవరది?"

జవాబు లేదు. పంటు కొంచెం ఊగింది. నా గోడ అవతలిది వలలు దాచే కొట్టు. వెళ్ళి చూస్తే తలుపుకి బయటి నుంచి తాడు బిగించి ఉంది. విప్పి చూశాను. తడి వలలు వేలాడుతున్నాయి, మనిషి లేదు. ఆ వలల మధ్య నిలబడే ధైర్యం లేక గబగబా తిరిగొచ్చి తలుపేసుకున్నాను. ఎందుకన్నానో తెలీదు, "నాకు భయంగా ఉంది" అన్నాను గోడతో.

"ఊఁ."

చెవి రేకుకి ఆనించాను. రేకు సన్నగా వణుకుతోంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. వరసంతా ఒకే వెనక గోడ. ముందు నా గది, తర్వాత వలల కొట్టు, ఆ తర్వాతది నూకరత్నం గది. ఈ కొసన మాట్లాడితే రేకు వెంట ఆ కొస దాకా పోతుంది. పరుగున వెళ్ళాను. ఆమె నేల మీద కూర్చుని, నోరు రేకుకి దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని ఉంది. నన్ను చూసి సిగ్గుపడిపోయింది.

"నువ్వొక్కదానివే బాధపడతన్నావని, అక్కా," అంది.

ద్వాదశి. మంచు విడలేదు.

చెప్పింది. ఆమె రాయమన్నంత వరకే రాస్తున్నాను.

రెల్లులంక ఐసు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళని పెట్టారు. ఐసు దిమ్మలు దాచే పెద్ద గది, కిటికీ లేదు. దానికి ఆనుకుని ఒక చిన్న గది, మధ్యన రేకు గోడ. కెప్టెన్ ఒక్కొక్కరినీ ఆ చిన్న గదిలోకి పిలిపించుకునేవాడు. మొదట తీసుకెళ్ళిన మనిషి అరుస్తుంటే ఇవతలివాళ్ళంతా చెవులు మూసుకున్నారట. ఆవిడ తిరిగొచ్చి ఒక్కటే మాటంది: "మీరెవరూ లేరనుకున్నాను. అంతా సచ్చిపోయారనుకున్నాను."

"ఆ మర్నాటి నించి మేం సెవులు మూసుకోలేదక్కా," అంది నూకరత్నం. "ఎవర్ని తీసుకెల్తే ఆళ్ళకి గోడకి నోరానించి ఊఁ కొట్టేవోళ్ళం. నీ మాట ఇంటన్నాం, మేం ఇక్కడే ఉన్నాం అని. ఇంకేం సెయ్యగలం? ఆ రోజు నన్ను తీసుకెల్లినప్పుడు ఆళ్ళు కొట్టారు. ఆ ఊఁ ఒట్టుకునే బతికాను."

ఏడ్చాను. తోడుండే మనిషి ఏడవకూడదని శిక్షణలో చెప్పారు. ఆ చెప్పినవాళ్ళని వచ్చి ఇక్కడ కూర్చోమనండి.

కళ్ళు తుడుచుకోగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం రత్నం! వాళ్ళలో ఒక్కరొచ్చి ఆ ఊఁ నాదే అంటే చాలు."

"రారు. నేను పిలవను. ఆ గదిలో ఉన్నట్టు తెలిస్తే ఆళ్ళ కాపురాలేమవుతాయి? ఒకళ్ళ పేరొకళ్ళం ఎత్తమని ఒట్టేసుకున్నాం."

"అయితే వాడొచ్చి నీ రేవులో కూర్చుంటాడే!"

"కూకుంటే కూకోనీ. ఆళ్ళని ఈదిలో పెట్టి నేను బయటపడితే, నేను మనిషినేనా అక్కా? నువ్వూ ఎవర్నీ అడగనని మాటియ్యి."

ఇచ్చాను. ఇవ్వడం నాకు ఇష్టం లేదు, ఇచ్చాను. ఆమె తరఫున అరవడం నా పని గానీ, ఆమె మీద అరవడం కాదు.

మధ్యాహ్నం సత్తెక్క వచ్చింది. రెల్లులంక నుంచి పడవేసుకొచ్చి ఎండుచేపలు అమ్మే పెద్దావిడ. వాసన ముందొస్తుంది, నోరు ఆ వెనకే వస్తుంది.

"ఏమే వరాలూ, మొకం మాడిపోయిన రొట్టెలా పెట్టావేంటే?"

"ఊరుకో సత్తెక్కా. నూకరత్నం కేసు పౌర్ణమికి కొట్టేస్తారట. కమిషన్ గుమ్మం మీద అంటించారు, నువ్వు చూడలేదా?"

"నాకు సదువొస్తే సేపలెందుకమ్ముతాను? ఎందుకు కొట్టేత్తారంట?"

"ఊఁ అందట. అంటే ఒప్పుకున్నట్టేనట."

"ఎక్కడి ఊఁ?"

"ఐసు ఫ్యాక్టరీలో."

సత్తెక్క పడవలో కూలబడింది. నవ్వని సత్తెక్కని నేను ఇంతవరకూ చూడలేదు. ఇవాళ చూశాను. చేపల తట్ట మీద చేయి పెట్టి, నీళ్ళలోకి చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది. "దాన్ని తీసుకెళ్ళి ఆ పిల్ల మీదేశారా? ఆ ఊఁని?"

నేనేమీ అడగలేదు. మాటిచ్చాను గదా, పళ్ళ బిగువున నోరు మూసుకున్నాను. ఎంత కష్టమైందో నాకే తెలుసు.

"సాచ్చానికి ఎవరూ రారే వరాలూ. పేరడిగితే సెప్పరు. మొకం సూపించరు." తెడ్డు చేతిలోకి తీసుకుంది. "ఊఁ కొట్టడానికైతే వొత్తారేమో."

చేపలు ఇవ్వడం మర్చిపోయి పడవ తిప్పేసింది. నాలుగు తెడ్లు వేసేసరికి మంచులో కలిసిపోయింది.

చతుర్దశి. పోటు పెరుగుతోంది.

సాక్షి వేలిముద్ర ముందు రోజే ఇవ్వాలన్నారని నూకరత్నాన్ని కమిషన్ హాలుకి తీసుకెళ్ళాను. హాలు కూడా నీళ్ళ మీదే, కర్రల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. తిరిగొస్తుంటే వంతెన మీద కెప్టెన్ ఎదురయ్యాడు. ఇస్త్రీ బట్టలు, చేతిలో పళ్ళ బుట్ట. ఎవరో చుట్టపింటికి వెళ్తున్నట్టుగా ఉన్నాడు. పక్కకి జరిగి మాకు దారి కూడా ఇచ్చాడు.

"ఏం రత్నం, బాగున్నావా? ఇక రోజూ కనబడుతుంటాంలే," అన్నాడు నవ్వుతూ.

నా చేయి లేచింది. నూకరత్నం గట్టిగా పట్టుకుని లాక్కుపోయింది. పంటు ఎక్కేదాకా నా చేయి వదల్లేదు. ఎక్కాక గుమ్మంలో వాంతి చేసుకుంది.

"నేను రేపు రానక్కా. ఎటైనా ఎల్లిపోతాను."

"ఎటు పోతావే పిచ్చిదానా? ఎటు చూసినా నీళ్ళే కదా." వీపు నిమిరాను. "రాకపోతే రావద్దు. నిన్నెవరూ లాక్కెళ్ళరు. నేనే వెళ్ళి నాలుగు తిట్లు తిట్టి వస్తాను."

అంత బాధలోనూ పెదవి కొస నవ్వింది. గంజి తాగించాను. మళ్ళీ వల ముందేసుకుని, నాలుగు ముడులు వేశాక అంది. "వొస్తాను. ఆళ్ళ పేర్లడిగితే మాత్రం లేచొచ్చేత్తాను."

"అడిగితే నీకంటే ముందు నేను లేస్తాను," అన్నాను.

పౌర్ణమి. నిండు పోటు.

మంచు ఎంత దట్టంగా దిగిందంటే చేయి చాపితే వేళ్ళు కనబడలేదు. మిగతా రోజుల్లో హాలు వెనక గోడ కింద బురదే ఉంటుంది. ఇవాళ నీళ్ళు గోడ చెక్కల దాకా లేచి మెల్లగా తడుతున్నాయి.

ఆ గోడ పక్కనే సాక్షి కుర్చీ. నూకరత్నం అందులో, పక్కన స్టూలు మీద నేను. నోరు తెరవనని నా చేత ముందే ఒప్పించుకున్నారు. ఎదురుగా విద్యుల్లత గారు. గాజు పలక వెనక కెప్టెన్, కాలు మీద కాలు వేసుకుని. ధనుంజయ గారు తూకాన్ని లేపి, "సాక్షి కుర్చీలో ఒక్కరు" అని దానికి చెప్పాడు.

నూకరత్నం కుర్చీ చేతులు పట్టుకుని మొదలుపెట్టింది.

"నన్ను ఆ సిన్న గదిలోకి తీసుకెళ్ళారండి."

"ఊఁ."

గోడలోంచి వచ్చింది.

"సాక్షి, సమ్మతి," అంది తూకం.

విద్యుల్లత గారు తలెత్తారు. కెప్టెన్ కాలు దించాడు. నూకరత్నం గోడ వైపు తిరగలేదు గానీ, అంతవరకూ వంగి ఉన్న వీపు నిటారైంది.

"తలుపేశాడండి. వొద్దని సెప్పానండి."

"ఊఁ." ఈసారి ఇద్దరో ముగ్గురో.

"సాక్షి, సమ్మతి."

"కాళ్ళు ఒట్టుకున్నానండి. అమ్మని పిలిచానండి."

"ఊఁ." గోడ పొడుగునా వచ్చింది. చెక్కలు నా భుజానికి తగిలి వణికాయి. అవతల ఎవరున్నారో నాకు తెలుసు. మంచులో పడవలాపుకుని కూర్చున్న ఆడవాళ్ళు, మనలాంటి మనుషులు. అయినా స్టూలు గోడకి జానెడు దూరం జరుపుకున్నాను.

"సాక్షి, సమ్మతి. సాక్షి, సమ్మతి. సాక్షి, సమ్మతి."

"సాక్షి ఒక్కరేనని చెప్పాం కదండీ," అని గొణిగాడు ధనుంజయ గారు, మొహం తెల్లబోయి. "అన్నీ ఆవిడకే వేస్తోంది."

అప్పుడు నూకరత్నం చేసిన పని నాకు ఏడు జన్మలెత్తినా తట్టేది కాదు. పక్కనున్న చెంబు ఎత్తి నోటి నిండా నీళ్ళు పోసుకుంది. మింగలేదు. బుగ్గలు పొంగించి, అధ్యక్షురాలి కళ్ళల్లోకి చూస్తూ కూర్చుంది. హాలంతా ఆమె నోటినే చూస్తోంది. కథ చెప్పేవాళ్ళు ఆగితే, తర్వాతేమైందన్నట్టు మళ్ళీ ఊఁ అంటాం కదా. అలాంటి ఊఁ వచ్చింది గోడ లోంచి.

"సాక్షి, సమ్మతి," అంది తూకం.

నూకరత్నం నీళ్ళు మింగింది. "సూశారు కదండీ," అంది.

విద్యుల్లత గారు లేచి నిలబడ్డారు. "ఆ వెనక తలుపు తీయండి. ఎవరున్నారో లోపలికి రమ్మనండి."

నేనూ లేచాను. ఒప్పుకున్నది గాలికి పోయింది. "పిలవకూడదమ్మా! వాళ్ళు వినడానికొచ్చారు, చెప్పడానికి కాదు. చెప్పాలనుకున్న రోజున వాళ్ళే వస్తారు."

అప్పటికే కాపలావాడు తలుపు తీసేశాడు. మంచు లోపలికి పాకింది. అవతల నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఒక్క పడవ లేదు, ఒక్క తెడ్డు చప్పుడు లేదు. రెండేళ్ళు సైన్యం కళ్ళుగప్పి పడవలు నడిపిన లంక ఆడవాళ్ళు, నేనేం ఆశ్చర్యపోలేదు.

"నిశ్శబ్దం," అంది తూకం.

"ఆపమనండి వాళ్ళని," అన్నాడు కెప్టెన్.

అందరం అటు తిరిగాం. అతను చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఎవర్ని ఆపమనాలి కెప్టెన్ గారూ?" అన్నారు విద్యుల్లత గారు.

"వాళ్ళని. ఆ గోడ అవతల."

"అవతల ఎవరూ లేరు. తలుపు తీసే ఉంది. చూడండి."

అతను చూశాడు. చూసి, ఇంకా గట్టిగా చెవులు నొక్కుకున్నాడు. "ఆ రోజూ ఇంతే. నోరు ముయ్యమన్నాను. తుపాకీ తిప్పి రేకు మీద కొట్టాను. ఒక్కత్తీ ఆపలేదు. అది లోపల ఏడుస్తుంటే వాళ్ళు అవతల ఊఁ, ఊఁ అని..."

అక్కడ ఆగాడు. తన నోట ఏం వచ్చిందో అప్పుడు తెలిసింది అతనికి.

"పక్క గదిలో ఎవరూ లేరన్నారు మీరు," అన్నారు విద్యుల్లత గారు మెల్లగా.

అతని బదులు తూకం చెప్పింది, అదే తియ్యటి గొంతుతో. "కెప్టెన్, వాంగ్మూలం."

బహుళ పాడ్యమి. పోటు తీస్తోంది.

సమ్మతి కొట్టేశారు. కేసు సాగుతుంది. రెల్లులంక రేవు ఉద్యోగం రద్దయింది. ఊఁ ఉన్న ప్రతి పూసనీ మళ్ళీ వినాలనీ, ఆ షరతునే ఒప్పందం లోంచి తీయించాలనీ విద్యుల్లత గారు మెరకకి కబురు పంపారు. తీస్తారో లేదో. తీసేదాకా నేను అరుస్తాను.

కెప్టెన్‌ని కమిషన్ వారి గదిలో పెట్టారు. మంచం గోడకి దూరంగా జరపమన్నాడట. జరిపారు. ఇంకా జరపమన్నాడట. నాలుగు వైపులా గోడలే కదా, ఎటు జరుపుతాం అన్నాడు కాపలావాడు. ఆ గది నీళ్ళ మధ్యన ఒంటరిగా ఉంటుంది. ఏ గోడకీ అవతల గది లేదు.

నూకరత్నం ఇవాళ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. చేయి కడుక్కుని, నా పక్కన వచ్చి కూర్చుంది.

"నిన్న అతను ఆపమన్నప్పుడు నీకేమన్నా ఇనబడిందా అక్కా?"

"లేదే. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం."

"నాక్కూడా ఇనబళ్ళేదు," అంది. ఒళ్ళో చేతులు చూసుకుంది. "ఐసు ఫ్యాక్టరీ నించి వొచ్చాక నాకు రోజూ ఆ ఊఁ ఇనబడేదక్కా. వొండుతున్నా, వల అల్లుతున్నా. ఎవరికీ సెప్పలేదు, పిచ్చంటారని. నిన్న అతను ఆపమన్నాడు సూడు, ఆ సణం నించి ఆగిపోయింది."

ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలీలేదు. రెండూ అనుకుంటాను.

"నాకింక అక్కర్లేదనుకున్నారేమో," అంది. "అతని కాడికి ఎల్లిపోయారు."